కొండల్లో ఇద్దరే పెళ్లి: ఫొటోలు తీయమన్నారు, సలహా చెప్పండి

దేవకాంచనం (డెన్వర్, కొలరాడో), ఆగస్టు 9

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఇక్కడ బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తున్నాను. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు కెమెరా.

మొన్న ఒక జంట ఫోన్ చేశారు. ఇద్దరూ మనవాళ్లే, ఉద్యోగాలు ఇక్కడే. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో స్ప్రేగ్ లేక్ ఒడ్డున సెప్టెంబర్ ఆఖర్లో పెళ్లి చేసుకుంటారట. పంతులుగారు లేరు, పందిరి లేదు, చుట్టాలు లేరు. వాళ్లిద్దరూ, నేనూ, అంతే. అమ్మాయి వాళ్లింట్లో ససేమిరా అన్నారు. అబ్బాయి వాళ్లింట్లో తెలిసీ తెలియనట్టు ఉన్నారు. కులం గొడవే, వేరే చెప్పక్కర్లేదు.

జీలకర్ర-బెల్లం, మూడు ముళ్లు, తలంబ్రాలు. ఈ మూడూ ఉంటే చాలు, ఇంకేం లేకపోయినా ఫర్వాలేదంది అమ్మాయి.

నా భయం ఏంటంటే, ఐదొందల మంది ఉన్న పెళ్లిలో కెమెరా ఎటు తిప్పినా ఏదో ఒకటి దొరుకుతుంది. కునుకు తీసే తాతగారో, లడ్డూ దాచుకునే పిల్లాడో. ఇక్కడ ఇద్దరే మనుషులు, వెనక కొండ. రెండు గంటలు ఏం తీయను? తీసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

చిన్నపులుసు (హైదరాబాద్), ఆగస్టు 9

అంటే లేచిపోతున్నారన్నమాట. ఫొటోగ్రాఫర్ని బుక్ చేసుకుని మరీ లేచిపోవడం ఇదే వినడం. మా ఊళ్లో లేచిపోతే ఒకటే ఫొటో ఉండేది: పోలీస్ స్టేషన్లో, మెడలో దండలతో, ఎస్సై గారి పక్కన బిక్కమొహాలేసుకుని. అదీ పేపరువాళ్లు తీసింది.

రూల్‌బుక్ (డల్లాస్), ఆగస్టు 9

పులుసు గారూ, ఇక్కడ ఎలోప్‌మెంట్ అంటే ఇప్పుడు పారిపోవడం కాదు, జనం లేకుండా చేసుకునే చిన్న పెళ్లి. అమ్మానాన్నలకి చెప్పే చేసుకుంటారు చాలామంది. ఈ జంటకి మాత్రం రెండు అర్థాలూ వర్తిస్తున్నట్టున్నాయి.

దేవకాంచనం గారూ, ముందు కాగితాల సంగతి. కొలరాడోలో పెళ్లి చేయించేవాళ్లు అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు, ఇద్దరూ లైసెన్సు మీద సంతకాలు పెట్టుకుంటే చాలు. కౌంటీ క్లర్క్ దగ్గర 30 డాలర్లు కట్టి లైసెన్సు తీసుకోవాలి. తీసుకున్న 35 రోజుల్లోపు పెళ్లి అవ్వాలి, అయ్యాక 63 రోజుల్లోపు ఆ కాగితం తిరిగి ఇవ్వాలి. సాక్షి గడి ఖాళీగా ఉంటుందని కొందరు సరదాకి తమ కుక్క పంజా ముద్ర వేయిస్తారు. రేపు ఇండియాలో చూపించాలంటే సర్టిఫికెట్ మీద రాష్ట్రం వాళ్ల చేత అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించుకోమనండి.

పార్కు సంగతి వేరు. అక్కడ పెళ్లి తంతుకి స్పెషల్ యూజ్ పర్మిట్ కావాలి, 300 డాలర్లు. ఇద్దరే అయినా కావాలి. పార్కు వాళ్లు చెప్పిన చోట్లలోనే చేసుకోవాలి, స్ప్రేగ్ లేక్ ఆ చోట్లలో ఒకటి. మీ ఫొటోలకి మాత్రం వేరే పర్మిట్ అక్కర్లేదు. ఆరుగురి కంటే తక్కువమంది, చేత్తో మోసుకెళ్లే సామానుతో తీస్తే పర్మిట్టూ ఫీజూ లేవని 2025 జనవరిలో చట్టం మారింది.

అన్నట్టు మీరు హెచ్‌వన్ వీసా మీద ఉంటే డబ్బు తీసుకోకండి. ఆఫీసు పని తప్ప ఇంకో పనికి డబ్బు తీసుకోవడం కుదరదు.

దేవకాంచనం, ఆగస్టు 9

గ్రీన్‌కార్డే అండీ, అది వచ్చాకే ఫీజు మొదలుపెట్టాను. అంతకుముందంతా భోజనం పెడితే తీసేదాన్ని.

రూల్‌బుక్, ఆగస్టు 10

ఇంకోటి మర్చిపోయాను. తలంబ్రాలు కుదరవు. బియ్యం, గింజలు, పూలరేకులు ఏవీ చల్లకూడదు. హోమం ఊసే వద్దు. డ్రోన్ అసలు ఎగరేయకూడదు, ఏ నేషనల్ పార్కులోనూ.

లంబసింగి_లెన్స్ (నర్సీపట్నం), ఆగస్టు 10

డ్రోన్ లేకుండా కొండల్లో పెళ్లేంటండీ? సరస్సు మధ్యలో అద్దంలా ఉంటే పైనుంచి ఒక్క షాట్ చాలు, రీల్ అదిరిపోద్ది. తెల్లారకముందు ఎవరు చూస్తారు?

పాతకెమెరా (గుంటూరు), ఆగస్టు 10

నాయనా లెన్సూ, నువ్వు పాడేరు దగ్గర వంజంగి కొండమీద డ్రోన్ ఎగరేసినట్టు అక్కడ ఎగరేస్తే ఆ అమ్మాయి పేరు మీద కేసు పడుతుంది. పెళ్లివాళ్లు తప్పు చేస్తున్నామన్న బెరుకుతోనే వస్తారు, వాళ్ల మీద ఇంకో బెరుకు రుద్దకు.

లంబసింగి_లెన్స్, ఆగస్టు 10

గురువుగారూ, ఒప్పుకుంటున్నా. వంజంగిలో ఇప్పుడు డ్రోన్లు కాదు, మనుషులే అడ్డం. డిసెంబర్లో మేఘాల కోసం వెళ్తే ఒక్కో అంచు మీద నాలుగు ప్రీవెడ్డింగ్ జంటలు. నా ఫ్రేములో పక్క జంట చున్నీ, వాళ్ల ఫ్రేములో నా లైట్‌మ్యాన్ టోపీ.

మంచుకొండ (కరీంనగర్), ఆగస్టు 11

అక్కా, నేను ఇట్లాంటిది ఒకటి తీసిన, ఉత్తరాఖండ్‌ల త్రియుగీనారాయణ్ గుడి కాడ. శివపార్వతుల లగ్గం అక్కడే అయిందంటరు. అఖండ ధుని (హోమగుండం) ఉంటది, ఎన్నడూ ఆరనియ్యరు, దాని చుట్టూ ఏడడుగులు. సోన్‌ప్రయాగ నుంచి పన్నెండు కిలోమీటర్లు పైకి పోవాలె, ఎత్తు రెండువేల మీటర్ల దగ్గర. పోయింది ఫిబ్రవరిల, మోకాలు లోతు మంచు.

నేర్చుకున్న ముచ్చట్లు చెప్త. లోపల పొగ, చీకటి. వెలుగు ఎక్కువ పట్టే ఎఫ్ 1.8 లెన్స్ లేకుంటే ఇంటికే. బయట మంచు మీద కెమెరాల వెలుగు కొలిచే మీటర్‌ను నమ్మితే మంచంత బూడిద రంగు వస్తది, ఒక స్టాప్ (రెండింతల వెలుగు) ఎక్కువ ఇయ్యాలె. బ్యాటరీలు చలికి సగం పనికి కూడా రావు. లోపలి జేబుల, పెయ్యికి తగిలేటట్టు పెట్టుకోవాలె. చలిల నుంచి వెచ్చటి రూంలకు కెమెరా పట్టుకపోయేముందు జిప్ కవర్ల పెట్టి మూసెయ్, లేకుంటే అద్దం లోపల చెమట పడుతది. నాది పట్టింది. అందుకే విదాయి (అప్పగింతలు) ఫొటోలన్నీ పొగమంచుల తీసినట్టున్నయ్. అదో స్టైల్ అని చెప్పిన వాళ్లకు. నమ్మిండ్రు.

చిన్నపులుసు, ఆగస్టు 11

ఈ చివరి వాక్యం మా కస్టమర్లు చదవకూడదని తిరుపతి వెంకన్నకి మొక్కుకుంటున్నా.

పాతకెమెరా, ఆగస్టు 12

అమ్మా దేవకాంచనం, కొండ గురించి ఒక్క మాట. అందరూ కొండ పెద్దగా పడాలని వైడ్ లెన్స్ పెడతారు. పెడితే కొండ చీమంత అవుతుంది, జంట కాళ్లు సాగిపోతాయి. వెనక్కి నడువు. నూటయాభై, రెండొందల మిల్లీమీటర్ల లెన్స్ పెట్టుకుని బాగా దూరంగా నిలబడు. అప్పుడు కొండ వచ్చి వాళ్ల భుజం మీద వాలుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. నువ్వు దూరంగా ఉంటే వాళ్లు నిన్ను మర్చిపోతారు. ఇద్దరే ఉన్న పెళ్లిలో మూడో మనిషి చాలా పెద్దగా కనపడతాడు.

ఇక రెండో మాట. ఇది కెమెరా మాట కాదు.

1994లో అనుకుంటా, ఒక జంట దండలతో మా స్టూడియోకి వచ్చారు. కొండమీద గుడిలో తాళి కట్టించుకుని నేరుగా వచ్చారు. అమ్మాయి చీర అంచుకి ఇంకా పసుపు మరకలున్నాయి. ఒక ఫొటో తీసి రెండు కాపీలిచ్చాను. బాగా కుదిరింది. కుదిరిందని మూడో కాపీ వేసి షాపు ముందు అద్దాల్లో పెట్టాను, అప్పట్లో అందరం పెట్టేవాళ్లం. నాలుగో రోజు అమ్మాయి మేనమామ ఆ వీధిన వెళ్తూ చూశాడు. ఆ తర్వాత ఏం జరిగిందో ఇక్కడ రాయను. అప్పటినుంచి అద్దాల్లో నేను చంటిపిల్లల ఫొటోలే పెట్టాను.

ఇప్పుడు మీకు అద్దాల బదులు ఇన్‌స్టా ఉంది. అడక్కుండా పెట్టకు. అడిగి పెట్టినా పెళ్లిరోజున పెట్టకు.

రూల్‌బుక్, ఆగస్టు 12

దీనికి నాదో మాట. ఫైల్లో లొకేషన్ కూడా ఉంటుంది. ఫోన్‌కి జతచేసిన కెమెరాలు ఫొటోలో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు రాసేస్తాయి. ఇచ్చేముందు తీసేయండి. ఇండియాలోనైతే ఇంకా కష్టం. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద 30 రోజుల ముందు నోటీసివ్వాలి, దాన్ని ఆఫీసు గోడకి అంటిస్తారు, ముగ్గురు సాక్షులు కావాలి. దాక్కుని పెళ్లి చేసుకునేవాళ్ల అడ్రసు గోడమీద అంటించే చట్టం అది.

నిర్వాహకులు, ఆగస్టు 12

చట్టం మంచిచెడ్డల మీద వచ్చిన పదకొండు పోస్టులు ‘రచ్చబండ’ విభాగానికి మార్చాం. ఇక్కడ ఫొటోల గురించే మాట్లాడుకుందాం.

దేవకాంచనం, ఆగస్టు 30

మొన్న ఒక్కదాన్నే వెళ్లి చోటు చూసొచ్చాను. స్ప్రేగ్ లేక్ చుట్టూ చదునైన దారి, పట్టుచీరతో నడవచ్చు. తూర్పు ఒడ్డున చెక్క వేదిక, ఎదురుగా పడమర కొండలు. పొద్దు మన వీపు వెనక పొడుస్తుంది, వెలుగు ముందు ఎదురు కొండల కొసల మీద పడుతుంది. ఆ ఎరుపు నాలుగైదు నిమిషాలే. ఆ టైములో ఒడ్డున మనం ఇంకా నీడలోనే ఉంటాం.

సమస్య అదే. వెనక కొండ నిప్పు రంగు, ముందు పెళ్లికూతురు మొహం నీలం. ఒకదానికి సరిచేస్తే రెండోది పోతోంది. తెల్లవారుజామున వచ్చిన ఒకాయన్ని నిలబెట్టి ట్రై చేశాను, పాపం శవంలా వచ్చాడు.

మంచుకొండ, ఆగస్టు 30

చిన్న ఎల్‌ఈడీ తీస్కో అక్కా, దానికి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) పెట్టు. కొండ మీది ఎండ ఏ రంగుల ఉందో మొహం మీద అదే రంగు పడాలె. ఎక్కువ వద్దు, ఉండీలేనట్టు. ఫొటోల జరీ అంచు వెలుగెక్కువై తెల్లగా కాలిపోకుండ చూస్కో, నీడలు తర్వాత లేపుకోవచ్చు, కాలిన జరీ తిరిగి రాదు.

చిన్నపులుసు, ఆగస్టు 31

ఇంతకీ ముహూర్తం ఎవరు పెట్టారు? కొండ ఎర్రబడే నాలుగు నిమిషాలకి పంతులుగారి లగ్నం కుదరాలి కదా. మన ముహూర్తాలు అర్ధరాత్రి రెండింటికో, మిట్టమధ్యాహ్నం పదకొండున్నరకో తప్ప ఉండవు.

దేవకాంచనం, ఆగస్టు 31

అదే చిత్రం. మహాలయ పక్షాలు వెళ్లాక మంచి రోజు చూసుకున్నారు. ఆ రోజుల్లో సూర్యుడు కన్యలో ఉంటాడు, కాబట్టి పొద్దుపొడిచేటప్పుడు లగ్నమూ కన్యే అవుతుందట. అబ్బాయే లెక్కేసి చెప్పాడు, వాళ్ల తాతగారు పంచాంగం చూసేవారట. ఉదయం 6:55కి జీలకర్ర-బెల్లం.

మధ్యాహ్నం పెట్టకపోవడమే మేలు. వేసవంతా ఇక్కడ మధ్యాహ్నానికల్లా పిడుగులు. పన్నెండు లోపు కొండ దిగిపోవాలని అందరూ చెప్పేమాట.

లంబసింగి_లెన్స్, సెప్టెంబర్ 2

తలంబ్రాలు ఏంచేస్తున్నారు మరి?

దేవకాంచనం, సెప్టెంబర్ 2

ముందురోజు రాత్రి, నేషనల్ పార్కు బయటున్న ఎస్టెస్ పార్కు అనే ఊళ్లో తీసుకున్న కేబిన్‌లోనే పోసుకుంటారు. తంతు క్రమం తారుమారు. అమ్మాయి అంది, “మేం చేస్తున్న దాంట్లో అదొక్కటే తారుమారా ఆంటీ?” అని. (ఆంటీ అనడం మాత్రం క్షమించలేదు.)

దేవకాంచనం, అక్టోబర్ 2

అయిపోయింది. పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

రాత్రి తలంబ్రాలు బాగా కుదిరాయి. కేబిన్‌లో ఒకే ఒక్క పసుపు బల్బు, నేలమీద దుప్పటి. చుట్టూ పందెం కాసేవాళ్లు లేకపోవడంతో మొదట మొహమాటంగా గుప్పెడు గుప్పెడు పోసుకున్నారు. తర్వాత ఏమైందో, పెళ్లికూతురు గిన్నె మొత్తం బోర్లించేసింది. బియ్యం కాఫీ మెషిన్లోకి కూడా వెళ్లాయి. పెళ్లికొడుకు పదిన్నరదాకా చీపురు పట్టుకుని ఊడుస్తూనే ఉన్నాడు. ఆ ఊడ్చే ఫొటో నాకు చాలా ఇష్టం.

మూడింటికి చీర కట్టాం. లోపల థర్మల్స్, పైన కంచిపట్టు, ఆ పైన అబ్బాయి జాకెట్. ఆ రోజుల్లో స్ప్రేగ్ లేక్‌కి వెళ్లే బేర్ లేక్ రోడ్డుకి ఉదయం ఐదు తర్వాత వెళ్లేవాళ్లు ముందే టైము బుక్ చేసుకోవాలి, ఆ గొడవ లేకుండా ఐదుకి ముందే లోపలికి వెళ్లిపోయాం. కార్లో హీటర్ వేసుకుని గంటన్నర కూర్చున్నాం. ముగ్గురం ఏం మాట్లాడుకున్నామంటే ఏమీ లేదు. ఆమె ఒళ్లో స్టీలు డబ్బా, అందులో జీలకర్ర-బెల్లం, తమలపాకులు.

బయట సున్నా డిగ్రీల దగ్గర. నీళ్లమీద పొగ. జీలకర్ర-బెల్లం చలికి బిగిసిపోయింది, ఆకుకి అంటుకుని తలకి అంటలేదు. 6:55కి చేతులు తలమీద పెట్టారో లేదో, ఎదురుగా చెట్లలోంచి ఎల్క్ (పెద్ద దుప్పి) కూసింది. సెప్టెంబర్లో మగవి జతకోసం కూస్తాయి. సన్నగా మొదలై ఈలలా పైకి లేస్తుంది. గట్టిమేళం అనుకోండి. ఇద్దరూ నవ్వేశారు, ఆకు జారి భుజం మీద పడింది. ఆ ఫ్రేము ఉంది నా దగ్గర.

ఇక మూడు ముళ్లు. నేను పాతకెమెరా గారు చెప్పినట్టు దూరంగా, రెండొందల లెన్స్‌తో నిలబడ్డాను. రెండో కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి, రెండు సెకన్లకి ఒకటి చొప్పున తనే తీసుకునేలా వదిలేశాను. 35 లెన్స్, ఎఫ్ 4. జెల్ పెట్టిన లైటు పెళ్లికొడుకు బ్యాగు మూతిలో దోపాను.

అతను పసుపుతాడు పట్టుకుని ఆమె మెడ వెనక్కి వంగాడు. ముడి పడలేదు. వేళ్లు కొంకర్లు పోయాయి. అమ్మాయిది పొడుగు జడ, నిండా పూలు, తాడు మీద పడి ఉంది. ఒక చేత్తో జడ ఎత్తితే ఇంకో చేత్తో ముడి పడదు. మన పెళ్లిలో ఆ పని ఆడపడుచుది కదా. జడ ఎత్తి పట్టుకుని, వెనకనుంచి దీపం చూపించి, రెండు జోకులేసి. అక్కడ ఎవరూ లేరు. వెనక కొండ ఎర్రబడడం మొదలైంది. నాలుగు నిమిషాలు.

అతను తలెత్తి నావైపు చూశాడు. అడగలేదు. చూశాడంతే.

కెమెరా మెడలో వదిలేసి పరిగెత్తాను. జడ ఎత్తి పట్టుకున్నాను. మొదటి ముడికి చేతుల్లోకి ఆవిరి ఊదుకున్నాడు, రెండోదానికి మళ్లీ. మూడోది పడేసరికి కొండమీద ఎరుపు పోయి మామూలు పసుపు ఎండ వచ్చేసింది. రెండు నెలలు ప్లాన్ వేసిన షాట్, రెండొందల లెన్స్‌లో వాళ్ల భుజం మీద వాలాల్సిన కొండ, అది నా దగ్గర లేదు. ఒక్కటి కూడా లేదు.

లంబసింగి_లెన్స్, అక్టోబర్ 2

మేడం, మనసుకి కష్టంగా ఉన్నా చెప్తున్నా. డబ్బు తీసుకున్నది ఫొటోకి. మూడు ముళ్ల షాట్ లేకపోతే ఆల్బమ్ ఏముంది? ఒక రబ్బర్ బ్యాండ్ పెట్టి జడ కట్టేసి ఉంటే సరిపోయేది కదా.

మంచుకొండ, అక్టోబర్ 2

రబ్బర్ బ్యాండ్ ముచ్చట ఇప్పుడు యాదికొస్తది తమ్మీ. అప్పుడు రాదు. ట్రైపాడ్ మీది కెమెరా ఏమైంది అక్కా?

దేవకాంచనం, అక్టోబర్ 3

అది తీస్తూనే ఉంది. నూట ఇరవై చిల్లర ఫ్రేములు. కొండ ఉంది, ఎరుపు ఉంది, కానీ కొండ చిన్నది. ఫోకస్ పెళ్లికొడుకు చెవి మీద. కుడివైపు అంచున నా చెయ్యి, నల్ల గ్లౌజు, జడ. మోచేతి దాకా ఉంది, మనిషి లేదు. క్రాప్ చేస్తే జడ కూడా పోతుంది. ఏఐతో చెయ్యి తీసేసి చూశాను, జడ గాల్లో తేలింది, దెయ్యం పట్టుకున్నట్టు.

పాతకెమెరా, అక్టోబర్ 3

తీసేయకు. రెండూ పంపు, కత్తిరించింది, కత్తిరించనిది. వాళ్లనే ఎంచుకోమను.

దేవకాంచనం, అక్టోబర్ 19

పంపాను. అమ్మాయి దాన్ని వాళ్లమ్మకి పంపింది. పెళ్లయ్యాక మొదటిసారి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, ఆ ఒక్కటే. నిన్న రాత్రి అమ్మాయి ఫోన్ చేసి కాన్ఫరెన్స్‌లో కలిపింది. అవతల ఆవిడ గొంతు చాలా చిన్నగా. పెరట్లోంచి మాట్లాడుతున్నట్టుంది, కాకులు వినపడుతున్నాయి.

కొండ గురించి అడగలేదు. చీర గురించి అడగలేదు. “ఆ జడ పట్టుకున్న చెయ్యి ఎవరిదమ్మా?” అంది.

నాదేనండీ, ఫొటో తీసేదాన్ని, అన్నాను. క్రాప్ చేసి ఇంకోటి పంపిస్తానండీ అన్నాను.

“వద్దు. ఉండనీ” అంది. కాసేపాగి, “నీకెంతమంది పిల్లలు?” అని అడిగింది. మామూలు మాటలు. ఐదు నిమిషాలు మాట్లాడి పెట్టేసింది.

ఇప్పుడు ప్రింటు అడుగుతున్నారు. ఒకటి ఇక్కడికి, ఒకటి ఊరికి, కొరియర్లో, వాళ్ల పక్కింటి టీచరు గారి పేరు మీద. ఎంత సైజు వేయించమంటారు?

చిన్నపులుసు, అక్టోబర్ 19

జోకేం రావడంలేదు నాకు.

పాతకెమెరా, అక్టోబర్ 20

ఊరికి పంపేది పెద్దది వద్దమ్మా. ఐదూ ఏడు చాలు, చీరల మధ్య పట్టాలి. మ్యాట్ కాగితం మీద వేయించు, గ్లాసీ వద్దు, రాత్రి లైటు వేసి చూస్తే మెరుస్తుంది.